గరిటె లేని నాలుగు రోజులు

ఆ వీధిలోవాళ్ళు ఆ ఇంటిని బడి అంటారు. అందులో ఉండేది ఒక మాస్టరు, ఒక టీచరమ్మ కాబట్టి. నిజానికి ఇద్దరిలో ఎవరూ ఏనాడూ సుద్దముక్క పట్టినవాళ్ళు కారు. ఆయన పెళ్ళిళ్ళకూ విందులకూ వంటచేసే మాస్టరు. ఎంతమంది వచ్చినా చివరి పంక్తికి కూడా కూర అడుగంటనివ్వడని పేరు. ఆవిడ ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతుంది. పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎదురుగా లారీ దూసుకొస్తున్నా గొంతు పెంచకుండా "మెల్లగా, మెల్లగా" అనడం ఆవిడ పని. వాళ్ళతోపాటు మాస్టరు తల్లి కూడా ఉంటుంది. ఆవిడకు చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులు.

ఆ ఏడాదే కూతురి పెళ్ళయింది. అల్లుడు బుద్ధిమంతుడు, కాపురం చల్లగా ఉంది, బెంగపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. పెళ్ళి ఫోటోల పుస్తకం వచ్చిన రోజు టీచరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అత్తగారికి ఒక్కొక్క ఫోటో వివరించి చెప్పింది. సగం పుస్తకం అయ్యేసరికి అత్తగారు ఇంతకీ మావాడేడీ అని అడిగింది. టీచరమ్మ మొదటినుంచీ తిరగేసి చూసింది. పెళ్ళికూతురి తండ్రి ఒకే ఒక్క ఫోటోలో ఉన్నాడు. అందులోనూ చెమటలు కక్కుతూ, చేతిలో పారంత గరిటెతో, ఫోటో తీసేవాణ్ణి పొగలోంచి పక్కకు తప్పుకోమంటున్నాడు. సొంత కూతురి పెళ్ళిలో కూడా ఇంకొకరి చేతి వంటకు ఆయన ఒప్పుకోలేదు మరి.

ఎందుకో ఆవిడకు పాత ఫోటోలు కూడా తీసి చూడబుద్ధయింది. కొండల మీదికి వెళ్ళినప్పటి ఫోటోలో ఆయన పొయ్యి రాజేస్తున్నాడు. సముద్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు తీసిన దాంట్లో ఆవిడొక్కతే అలల ముందు నిలబడి ఉంది. ఆయన ఆ సమయంలో ఒడ్డున ఉన్న హోటలువాడికి చేప ఎలా వేయించాలో చూపిస్తున్నాడు. ఇక పెళ్ళయిన కొత్తల్లో ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళిన ఫోటో అంటూ లేనే లేదు. పెళ్ళయిన వారంలోనే ఏదో పెద్ద విందు ఒప్పుకుని ఉన్నాడు. తర్వాత చూద్దాంలే అన్నాడు. ఆ తర్వాత అనేది ఇరవై ఏళ్ళు దాటినా రాలేదు.

అదే వారంలో ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న ఒక బ్యాంకు ఆఫీసరమ్మ, భర్తతో కలిసి ఎడారిలోని ఒక పాత నగరానికి వెళ్ళి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. మట్టిరంగు కోటగోడలు, ఒకప్పుడు ఒంటెల మీద సరుకు తెచ్చిన వర్తకులు దిగిన ఇళ్ళు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సిన సందులు, పొద్దు వాలేసరికి ఊరంతా తేనెరంగుకు తిరగడం, అన్నీ చెప్పుకుపోయింది. కోటగోడ ఎంత ఎత్తో చూపించడానికి రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసరికి టీచరమ్మ రెండో బ్రేకు తొక్కాల్సి వచ్చింది. కారు ఆగింది గానీ ఆవిడ మనసు మాత్రం ఆ కోటగోడ మీదే ఉండిపోయింది.

ఆ పూట భోజనాల దగ్గర మాట కదిపింది.

"ఒక్క నాలుగు రోజులు మీ చేతిలో గరిటె లేకుండా మిమ్మల్ని చూడాలని ఉందండీ. మనిద్దరమే వెళ్దాం."

మాస్టరుకు పొలమారింది. నీళ్ళు తాగి, తల్లి వైపు చూశాడు. అమ్మ ఒక్కతీ ఎలా ఉంటుంది అని ఆయన అనబోతున్నాడని కనిపెట్టి, ముసలావిడ తాను మనవరాలి దగ్గరికి పోయి ఉంటానని, అక్కడ టీవీ పెద్దదని, తన పేరు చెప్పి ఎవరూ తప్పించుకోనక్కర్లేదని తేల్చేసింది.

ఇక దారి లేక మాస్టరు సరేనన్నాడు. అయితే తిండి సంగతి మాత్రం తనకు వదిలెయ్యాలన్నాడు. హలాల్ విషయంలో ఆయన నిక్కచ్చి మనిషి. తనకు తెలిసిన కసాయి దగ్గర తప్ప మాంసం కొనడు. ఊరుకాని ఊళ్ళో ఎవరు కోశారో, ఏ పేరు చెప్పి కోశారో తెలియకుండా ముద్ద ఎలా దిగుతుంది అన్నాడు. అది ఆవిడకూ సబబే. ఆవిడకు కావలసింది కూడా ఒకటుంది. ఎవరి కంటా పడకుండా, తలమీది ముసుగు తీసేసి, జుట్టు విరబోసుకుని గాలికి కూర్చోగల చోటు కావాలి. ఆ ఎడారి నగరం చుట్టుపక్కల హోటళ్ళన్నీ ఈతకొలను చూపించి మురిసిపోతున్నాయి గానీ అలాంటి చాటు ఉందని ఏదీ చెప్పలేదు.

మర్నాటి నుంచి మాస్టరు ఫోన్లు మొదలుపెట్టాడు. మాంసం ఎక్కణ్ణుంచి వస్తుందని మొదలుపెట్టి, కత్తులు వేరుగా ఉన్నాయా, వేపుడు నూనెలో ఇంకేమైనా వేస్తారా, పులుసులో మద్యం చుక్క కలుపుతారా అని అడిగేవాడు. అంతవరకూ బాగానే ఉండేది. హోటలువాళ్ళు కూడా ఓపిగ్గా చెప్పేవారు. అక్కడితో ఆగితేగా. బియ్యం ఎంతసేపు నానబెడతారు, ఉల్లిపాయ ఏ రంగు వచ్చేదాకా వేయిస్తారు అని లోపలికి వెళ్ళిపోయేవాడు. ఒక హోటలు వంటవాడు చివరికి విసిగి, "సార్, మీరు తినడానికొస్తున్నారా, తనిఖీకొస్తున్నారా?" అని ఫోను పెట్టేశాడు. మాస్టరు మొహం కందగడ్డ చేసుకుని, ఆ హోటలు అన్నం ఖచ్చితంగా ముద్దైపోతుందని ఇంట్లో ప్రకటించాడు.

ఇలా ఒక్కో హోటలూ కొట్టుకుపోయింది. నేర్చుకునేవాళ్ళు పదేపదే బండి ఆపేస్తే కోప్పడకుండా ఉండడం టీచరమ్మకు అలవాటే. కానీ ఒకరోజు బట్టలు సర్దుదామని మంచం కింది పెట్టె లాగితే, అది అప్పటికే నిండి ఉంది. చిన్న గ్యాసు పొయ్యి, మూతలు బిగించిన మసాలా డబ్బాలు, పాత తువ్వాలులో చుట్టిన కత్తి, వాటన్నిటి మీదా అడ్డంగా పొట్టి గరిటె ఒకటి. పొడుగుది పెట్టెలో పట్టనట్టుంది.

ఆవిడ పెట్టె మూసి మళ్ళీ మంచం కిందికి తోసేసింది. ఆ రోజంతా ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. అవును, కాదు, చూద్దాం. మాస్టరు అరిచే మనుషుల మధ్య బతికినవాడు. పొయ్యి దగ్గర ఎవరైనా అరిస్తే తనూ అరుస్తాడు, అయిపోతుంది. ఈ మౌనం ముందు మాత్రం ఆయన ఎత్తులేవీ పారలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. గోడవారన కూర్చున్న తల్లి, పెట్టె లాగిన చప్పుడు నేనూ విన్నానురా అని మాత్రం అంది.

మరుసటి రోజు బజారులో పని ఉందంటే టీచరమ్మే ఆయన్ని కార్లో దింపడానికి బయల్దేరింది. ఆయనకు కారు నడపడం రాదు. దారిలో రైలు గేటు పడి కారు ఆగిపోయింది. ముందు ఒక ట్రాక్టరు, వెనక బస్సు. దిగి పారిపోవడానికి లేదు.

మాస్టరు తన అరచేతులు చూసుకుంటూ మొదలుపెట్టాడు. హలాల్ సంగతి నిజమేనని, అయితే అదొక్కటే కాదని అన్నాడు. నీళ్ళు నమిలాడు. తర్వాత ఒక్కసారిగా చెప్పేశాడు.

"అమ్మాయి వెళ్ళిపోయాక అన్నం దగ్గర మనం ఏం మాట్లాడుకుంటున్నాం చెప్పు. ఉప్పు సరిపోయిందా అంటాను, సరిపోయింది అంటావు. వంట కూడా లేకపోతే నాలుగు రోజులు నీతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. నీకు విసుగొస్తుందేమోనని భయం."

ఇన్నేళ్ళలో ఆయన భయం అన్న మాట వాడగా టీచరమ్మ వినలేదు. మీదికి మంట లేస్తే గోనెసంచీతో అణిచేసే మనిషి. భోజనాల దగ్గరి మౌనాన్ని తనొక్కతే గమనిస్తోంది అనుకుంది ఇన్నాళ్ళూ.

"మాట్లాడకపోయినా ఏం కాదు," అంది చివరికి. "పక్కన కూర్చోవడం నా ఉద్యోగమేగా."

ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. రైలు వెళ్ళి గేటు లేచినా కారు కదలకపోయేసరికి వెనక బస్సువాడు హారను మోత మోగించాడు. మాస్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "నేర్చుకునే బండయ్యా, కాస్త ఆగు" అన్నాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ బ్యాంకు ఆఫీసరమ్మను అడిగి ఒక నంబరు తీసుకుంది. అది హోటలు కాదు. కోటగోడ లోపల ఉన్న పాత వర్తకుల ఇల్లు. ఒక పెద్దావిడ పైగదిని వచ్చేపోయేవాళ్ళకు అద్దెకిస్తుంది. ఫోను స్పీకరులో పెట్టి, మాస్టరుకు ఒకే ఒక్క ప్రశ్న అడిగే హక్కు ఉందని ముందే చెప్పింది. మొదట తనే మాట్లాడింది. అవతలి పెద్దావిడ, తమ ఇంట్లోకి హలాల్ కానిది రాదని, మద్యం గడప తొక్కదని, మాంసం తన తమ్ముడి కొట్టునుంచే వస్తుందని, గదిలో నమాజుకు చాప ఉందని, మక్కా ఉన్న దిక్కు గోడమీద రాసే ఉందని చెప్పింది. డాబా ఆ గదికొక్కదానికే ఉందట. గోడలు తలకంటే ఎత్తు. మెట్ల తలుపు తాళం అద్దెకున్నవాళ్ళ దగ్గరే ఉంటుందట. టీచరమ్మకు అప్పుడే జుట్టులోకి గాలి తగిలినట్టయింది.

ఇక మాస్టరు వంతు. బియ్యం గురించి అడగాలా, నూనె గురించా అని ఆయన గింజుకోవడం మొహంలోనే కనిపించింది. చివరికి మర్యాదగా, భోజనం ఎన్ని గంటలకు పెడతారండీ అని అడిగాడు.

"మీకు ఆకలేసినప్పుడు, నాయనా," అందావిడ.

ఫోను పెట్టేశాక మాస్టరు లోపలికి వెళ్ళి, మంచం కింది పెట్టెలోంచి డబ్బాలు తీసి ఒక్కొక్కటే వంటింట్లో సర్దేశాడు.

చలి ఇంకా ముదరకముందే వెళ్ళారు. రైలు దిగి, ఇసుక మేటలు వేసిన రోడ్డు మీద చాలాసేపు ప్రయాణం చేశాక, ఆ నగరం నేలలోంచి మొలిచినట్టు కనిపించింది. అద్దె కారు కోటగోడ బయటే ఆగిపోయింది. సామాను గాడిద మోసింది. సందులు నిజంగానే అంత ఇరుకు. మాస్టరు పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. తన పొట్ట సొంత వంటకు సాక్ష్యమని ఆయనే అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దావిడ నేలమీద పరిచిన దుప్పటి మీద ఇద్దరినీ కూర్చోబెట్టి రొట్టెలు, పప్పు, మాంసం కూర వడ్డించింది. మాస్టరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కనుబొమలు కొద్దిగా కదిలాయి. టీచరమ్మ కూడా తిని చూసింది. కూరలో ఉప్పు తగ్గింది. ఆయన చేయి అలవాటుగా ఉప్పు కోసం పక్కకు జరిగింది, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. తలవంచుకుని తిన్నాడు. రొట్టె అయిపోకముందే పెద్దావిడ ఇంకోటి వేసింది, పొయ్యి మీంచి నేరుగా, పొగలు కక్కుతూ. అది తిని మరొకటి అడిగాడు.

పెద్దావిడ లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "విందుల్లో అందరూ తిన్నాక మేం తింటాం. చల్లారిపోయినది, నిలబడి. నేను కూర్చుంటే ఇంకొకరు వేడివేడిగా పెట్టి ఎంత కాలమైందో."

ఇంట్లో ఆయనే వండుతాడని ఊరంతా టీచరమ్మ అదృష్టాన్ని మెచ్చుకునేది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ వండిన కూరకు ఆయన వంక పెట్టాడు. ఆ రోజు నుంచి ఆవిడ వంటింటి జోలికి పోలేదు, ఆయనా పొమ్మనలేదు. ఇంటికెళ్ళాక వారానికి ఒక పూట తనే వండుతానని, వంక పెడితే గిన్నె ఆయన నెత్తిన బోర్లిస్తానని చెప్పింది. అందుకు ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. రొట్టె మాత్రం గుండ్రంగా ఉండాలని గొణిగాడు గానీ ఆవిడ వినిపించుకోలేదు.

మాటల గురించి ఆయన పడ్డ భయం వట్టిదే అయింది. మర్నాడు కోటగోడ మీద నడుస్తూ ఆవిడ తన దగ్గర నేర్చుకునే ఆడవాళ్ళ కబుర్లు చెప్పింది. కుడి ఎడమలు గుర్తుండక చేతికి గాజులు ఒకవైపే వేసుకొచ్చే డాక్టరమ్మ గురించి, లైసెన్సు వచ్చిన రోజు కారులోనే భోరుమన్న పెద్దమనిషి భార్య గురించి, రివర్సులో తప్ప ముందుకు బాగా నడపలేని ఒక కొత్త కోడలి గురించి. మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్ని సంగతులు ఎప్పుడూ చెప్పలేదేమని అడిగాడు. మీరు అడగలేదుగా అంది. ఆ తర్వాత ఆయన అడగడం ఆపలేదు. బజారు సందులో ఒకచోట పెద్ద గుండిగ ఉడుకుతుంటే మాత్రం మాట మధ్యలో ఆగిపోయి నిలబడ్డాడు. ఆవిడ కూడా ఆగి ఊరుకుంది. ఆయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, మూత వైపు ఒకసారి ఆశగా చూసి, "ఊఁ, ఆ రివర్సు కోడలు ఏమైంది" అంటూ కదిలాడు.

చివరి సాయంత్రం మెట్ల తలుపు తాళం వేసి డాబా మీద కూర్చున్నారు. ఎండ పల్చబడి గోడలన్నీ తేనెరంగుకు తిరిగాయి. టీచరమ్మ ముసుగు తీసి, జడ విప్పి, జుట్టు గాలికి వదిలేసింది. కొన్ని తెల్లవెంట్రుకలు ఆ వెలుగులో మెరిశాయి. ఆయన ఆవిడ చేయి పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఏమిటని ఆవిడ అడిగితే, ఏమీ లేదన్నాడు. తర్వాత కాసేపటికి, నువ్వు బావున్నావు అన్నాడు, ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా. వినడానికి అక్కడ పావురాలు తప్ప ఎవరూ లేరు. ఆవిడ మొహం తిప్పుకుంది గానీ చేయి మాత్రం ఆయన చేతిలోంచి తీసుకోలేదు.

కింద పెద్దావిడ రొట్టెలు తడుతున్న చప్పుడు వినిపించింది. మాస్టరుకు ఒక ఆలోచన వచ్చింది.

"ఈసారి అమ్మను కూడా తీసుకొద్దామా?"

"తీసుకొద్దాం," అంది టీచరమ్మ. "ముందు ఇంకోసారి మనిద్దరం వచ్చి వెళ్ళాక."