పేచీ లేని విడాకులు

నేను ఒక గ్రైండర్ని. పుట్టింది కోయంబత్తూరులో. రాయి చెక్కి, మోటారు బిగించి, అట్టపెట్టెలో కూర్చోబెట్టి నన్ను కాకినాడ పంపారు. అక్కడ శర్వాణి పెళ్ళికి ఆమె మేనత్త నన్ను కానుకగా ఇచ్చింది. నాకు గ్యారంటీ ఉందా అని రెండుసార్లు అడిగి మరీ కొంది. పెళ్ళికుంటుందా అని మాత్రం ఎవరినీ అడగలేదు.

శర్వాణి పోస్టాఫీసులో పనిచేసేది. భర్త ఫణీంద్ర కరెంటాఫీసులో. ఇద్దరూ మంచివాళ్ళు, ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. ఆ మాటకొస్తే, మామూలు మాటలూ అనుకోలేదు.

"పప్పు నానబోశానండి."

"మంచిదండి."

ఆ పూటకి అంతే. నేను తిరిగినంతసేపే ఆ ఇంట్లో సందడి. అయిదేళ్ళు ఇలా గడిచాక ఒక సాయంత్రం శర్వాణి నన్ను కడుగుతూ, "మనం విడిపోదామాండీ?" అంది.

ఫణీంద్ర గుడ్డ అందిస్తూ, "నేనే అడుగుదామనుకుంటున్నానండి. మీరు నొచ్చుకుంటారేమోనని ఆగాను," అన్నాడు.

మర్నాడే ప్లీడరు అప్పలాచారి ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

"కొట్టేవాడా అమ్మా?"

"ఛఛ!"

"తాగుడు?"

"మజ్జిగేనండి."

"పోనీ, ఈవిడ మీ అమ్మగారిని..."

"నాకంటే బాగా చూసుకుందండి," అన్నాడు ఫణీంద్ర.

ప్లీడరు దిగాలుపడి కలానికి మూత పెట్టేశాడు. "పరస్పర అంగీకారం కనక కారణం రాయక్కర్లేదనుకోండి. కానీ వినేవాళ్ళకి నమ్మకం కలగొద్దూ! ఏడాదిగా విడిగా ఉంటున్నారా, అదైనా చెప్పండి."

"ఉంటున్నామండి. ఆయన హాల్లో, నేను గదిలో."

విడాకుల కోర్టుకి ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళొచ్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదటిసారిగా కబుర్లు పుట్టాయి.

"ఇంత మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడంది, కోర్టులో నచ్చజెప్పే కౌన్సిలరమ్మ," అని ఫణీంద్ర నవ్వాడు. "మీరేమన్నారో వినపళ్ళేదు."

శర్వాణి కాసేపు అన్నం కెలికింది. "గ్రైండరు ఆపితే భయమేస్తోందన్నానండి."

"నాకూను," అన్నాడతను కంచంలోకి చూస్తూ.

ఆలోచించుకోమని కోర్టు ఆరు నెలలు గడువిచ్చింది. మేనత్త వచ్చి, "దెబ్బలాటే లేకుండా విడాకులేవిటే? ముందు శుభ్రంగా దెబ్బలాడుకోండి, మేం వచ్చి సర్దుతాం!" అని వాపోయింది. ఇద్దరూ కొన్నాళ్ళు కోర్టు ముచ్చట్లే చెప్పుకున్నారు. వాళ్ళు కలిసిపోతారేమోనని నాకూ ఆశ కలిగింది. ఆ ముచ్చట్లు అయిపోయాక ఇల్లు మళ్ళీ మూగబోయింది.

గడువు తీరాక జడ్జిగారు, "ఇద్దరికీ ఇష్టమేనా?" అని అడిగితే, "ఇష్టమేనండి," అని ఇద్దరూ ఒక్కసారే అన్నారట. ఇంత ఏకాభిప్రాయం ఉన్న దంపతులను ఆయనెప్పుడూ చూడలేదట. విడాకులు మంజూరయ్యాయి.

ఇల్లు ఖాళీ చేసే రోజు నా వంతు వచ్చింది.

"గ్రైండరు మీరు తీసుకెళ్ళండి."

"మీ మేనత్తగారు ఇచ్చింది. మీరే ఉంచుకోండి."

"హాస్టల్లో నాకెందుకండీ? దోసెలంటే ప్రాణం మీకే."

"రుబ్బడం నాకొచ్చా?"

"అయిదేళ్ళూ తిన్నారు, నేర్చుకోలేదేం?"

"ఎప్పుడైనా పిలిచావా?"

"పిలిస్తే వచ్చేవాడివా?"

"పిలిచి చూడాల్సింది!"

"నీకు తోచొద్దూ!"

గొంతులు వీధిలోకి వినిపించాయి. మేడమీది ఇంటి ఓనరమ్మ మంగతాయారు పరుగున దిగివచ్చింది. "ఇన్నాళ్ళకి మొగుడూ పెళ్ళాల్లా ఉన్నారు! ఇంత చక్కగా పోట్లాడుకుంటూ విడాకులెందుకర్రా?"

"వచ్చేశాయండి," అంది శర్వాణి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఫణీంద్ర ఆమె పెట్టెలు ఆటోలోకి ఎక్కించి, తన దారిన తను వెళ్ళాడు.

నన్నెవరూ తీసుకెళ్ళలేదు. మంగతాయారు వంటింట్లో గారెల పిండి రుబ్బుతూ కాలక్షేపం చేస్తున్నాను. మొన్న ఫణీంద్ర ఫోన్ చేశాడు. ఆవిడ చేతులు పిండిలో ఉండి, ఫోన్ను నా పక్కన పెట్టి స్పీకరు నొక్కింది.

"కొత్త గ్రైండరు కొన్నానండి. దోసెలకి మినప్పప్పు ఎంత పొయ్యాలి?"

"నన్నడుగుతావేం? శర్వాణిని అడుగు."

"అడిగానండి," అన్నాడతను సంతోషంగా. "తిట్టింది."