వీపు వెనక ఆట

అయినా అద్దంలో చూస్తే చూసినట్టు లెక్కా? తను తిరగలేదు కదా. మూకుడు ముందు నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది, చేతిలో జల్లిగరిటె అలాగే ఉంది, మిరపకాయ బజ్జీలు ఒక పక్క ఎర్రబడి రెండో పక్కకి తిప్పమంటున్నాయి. పొయ్యి పైన గోడకి బిగించిన మైక్రోవేవ్ తలుపు నల్లటి అద్దం. అందులో, తన భుజం పక్కగా, చిన్నదై, కుడి ఎడమలు తారుమారై, టీవీలో ఆట. ఆ అద్దంలో మనవాళ్ళు ఎప్పుడూ తప్పు వైపుకే పరిగెడతారు. చూడాలని చూడలేదు. కన్ను పడింది. పడిన క్షణంలోనే ఎవరో పొడుగాటి కుర్రవాడు చేతుల్లోకి వచ్చిన బంతిని జారవిడిచాడు. వెనక సోఫాల మీద మగవాళ్ళంతా ఒక్క గొంతుతో మూలిగారు. ప్రిస్సిల్లా తల దించుకుంది. నూనె ఆవిరికి ఆ అద్దం మసకబారితే బాగుండుననుకుంది. ఆ అనుకోవడమే ఆమెను భయపెట్టింది. అంటే, తనూ నమ్ముతోందా?

ఇదంతా అక్టోబర్‌లో మొదలైంది. షామ్‌బర్గ్‌లో ఈ ఇల్లు కొన్నప్పటినుంచీ ఆదివారాలు ఆరాధన అయ్యాక మగవాళ్ళు నేరుగా ఇక్కడికే వస్తారు, పెద్ద టీవీ ఆమె భర్త సైలస్‌దే కాబట్టి. ఆటల కాలంలో తెలుగు సంఘంలో ముగింపు ప్రార్థన పొట్టిదవుతుందని పాస్టరుగారే నవ్వుతూ అంటారు. సైలస్‌కి ఈ దేశంలో మొట్టమొదట దొరికిన బంధువులు ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టే. పేరు పెట్టి పిలవడు, 'మనవాళ్ళు' అంటాడు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఓడిపోయేవాళ్ళే. ఈ ఏడు కూడా మొదటి ఆటలన్నీ అలాగే పోయాయి. అలాంటి ఒక ఆదివారం మనవాళ్ళు ఎలాగో ముందంజలో ఉండగా ప్రిస్సిల్లా కోడివేపుడు పళ్ళెంతో వచ్చి, సోఫా చేతి మీద అలా ఆనుకుందో లేదో, బంతి అవతలివాడి చేతుల్లో పడింది.

"అబ్బా, నువ్వెళ్ళవే తల్లీ. వచ్చావు, పోయింది చూడు," అన్నాడు సైలస్. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. వంటగదిలోకి వెళ్ళింది. మనవాళ్ళు గెలిచారు.

మరుసటి వారం అదే మాట సరదాగా అన్నాడు. ఆ తర్వాతి వారం సరదా లేకుండా అన్నాడు. మనవాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. అమెరికా ఇళ్ళల్లో వంటగదికి గోడ ఉండదు, సోఫాలకీ పొయ్యికీ మధ్య ఒక గ్రానైట్ గట్టు, అంతే. అందుకని 'వంటగదిలో ఉండు' అన్నది మెల్లగా 'ఇటు తిరక్కు' అయింది. క్రిస్మస్ నాటికి ఆమె తన ఇంట్లో తను ఆదివారమంతా గోడ వైపు ముఖం పెట్టుకుని నిలబడే మనిషయింది. పళ్ళెం గట్టు మీద పెడితే చాలు, ఎవరో ఒకరు చెయ్యి చాపి అందుకుంటారు. ఆట మాత్రం ఆమెకు తెలియకుండా ఏమీ పోలేదు. చెవులతో నేర్చుకుంది. ఏ అరుపు టచ్‌డౌన్‌కి, ఏ నిశ్శబ్దం తప్పు పట్టిన రిఫరీ జెండా విసిరినందుకు, ఏ చప్పట్లు కేవలం ఆశకి, అన్నీ వీపుకి తెలుసు.

ఒకసారి అడిగింది, నవ్వుతూనే, అబ్రహాంని. ఆయన సంఘ పెద్ద. ముహూర్తాలు, ఎదురురావడాలు, తుమ్ములు, అన్నీ పాపమని బైబిల్ స్టడీలో గంటసేపు చెప్పే మనిషి.

"అన్నయ్యా, శకునాలు చూడకూడదని మీరే కదా చెప్తారు?"

"అది వేరమ్మా. అది అంధకారం. ఇది స్పోర్ట్స్," అన్నాడాయన బజ్జీ విరుస్తూ. "ఇక్కడి తెల్లవాళ్ళు కూడా ఫాలో అవుతారు సిస్టర్. మా ఆఫీస్‌లో ఒకడు సీజన్ అయ్యేదాకా సాక్స్ ఉతకడు."

"అయితే నేను సాక్స్‌నా అన్నయ్యా?"

గది గొల్లున నవ్వింది. సిస్టర్ భలే చెప్పారన్నారు. ఆ వారమంతా సైలస్ ఫోన్లో స్నేహితులకు ఆ జోకు చెప్పుకున్నాడు. అబ్రహాం భార్య మణి మాత్రం చర్చి మెట్ల మీద చెయ్యి పట్టుకుని, "నాకైతే హాయి ప్రిస్సిల్లా, వాళ్ళ గోల మనకెందుకు? వాళ్ళని గెలవనీ, మనింట్లో శాంతిగా ఉంటుంది," అంది. నిజమే. మనవాళ్ళు గెలిచిన వారాల్లో సైలస్ గిన్నెలు కడిగేవాడు, ఆమె తలనొప్పి గురించి అడిగేవాడు. తను గోడకి తిరిగి నిలబడితే ఇంట్లోకి ఇంత దయ వస్తుందంటే నిలబడనా? ఇది త్యాగమా, లంచమా? రెండూ కాదేమో. అంతకుముందే తనలో ఎక్కడో కట్టి ఉంచిన గదిలోకి వీళ్ళు తనను పంపారంతే. తాళం కూడా వెయ్యక్కర్లేకపోయింది.

ఆ గదిని ఎవరెవరు కట్టారో ఆమెకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో సైలస్ ఉద్యోగం పోతే అత్తగారు ఫోన్లో అన్న మాట ఒక ఇటుక. "అంతా ప్రభువు చిత్తమేలే అమ్మా. కానీ నువ్వు అడుగు పెట్టాకే కదా వాడికిలా అయింది." ఆఫీసులో ఆమె పని సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళేముందు తప్పులు పట్టుకోవడం. మేనేజర్ రాజ్ ప్రతి మీటింగ్‌లోనూ, "ప్రిస్సిల్లా కాల్‌లోకి వచ్చిందంటే మన రిలీజ్ ఆగిపోయినట్టే," అంటాడు. తప్పు చేసిన కుర్రవాళ్ళు కూడా నవ్వుతారు. తప్పు ఎవరిదైనా, చూసినవాళ్ళ కంట్లోంచే పుట్టిందన్నట్టు.

అన్నిటికంటే కింద, పునాదిలో, అమ్మ ఉంది. ధనమ్మ. భీమవరంలో మిషన్ ఆసుపత్రి ఆయా, ముప్ఫయ్యేళ్ళు దాటుతుండగానే భర్త పోయిన మనిషి. పొద్దున్నే డ్యూటీకి తయారై, టిఫిన్ డబ్బా పట్టుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగేది. ఎదురింటి వాళ్ళు బయల్దేరుతున్న చప్పుడు వినేది. చెప్పుల చప్పుడు, గేటు, స్కూటరు. ఆ స్కూటరు సందు చివర మలుపు తిరిగాకే గడియ తీసేది. "ఎందుకమ్మా?" అంటే, "పాపం, మంచి పని మీద వెళ్తుంటారు. ఎదురు పడటం ఎందుకు? మర్యాద," అనేది. ఎదురింటి వాళ్ళు ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనే అవసరం రానివ్వలేదు అమ్మ. పోయి ఆరేళ్ళయింది. కానీ ఈ డిసెంబర్ నుంచి, పొయ్యి ముందు గోడకి తిరిగి నిలబడ్డప్పుడల్లా, ప్రిస్సిల్లాకి తన ఊపిరి పక్కనే ఇంకో ఊపిరి వినిపిస్తోంది. బయటికి వెళ్ళడానికి తయారై, గడియ మీద చెయ్యి వేసి, ఆపుకున్న ఊపిరి.

జనవరి రెండో ఆదివారం. ప్లేఆఫ్ ఆట, ఇవాళ ఓడితే సీజన్ అక్కడితో సరి. కిటికీల్లో అప్పుడే సంధ్య పడుతోంది, పెరట్లో మంచు నీలంగా మారుతోంది. మనవాళ్ళు రెండు పాయింట్లు వెనక. ఆఖరి సెకన్లు. ఇక ఒకటే మిగిలింది, బంతిని కాలితో తన్ని ఆ రెండు పసుపు స్తంభాల మధ్యనుంచి పంపడం. వెళ్తే గెలుపు, పక్కకి పోతే ఇంటికి.

అప్పుడు సైలస్ గొంతు వీపుకి తగిలింది. "ప్రిస్సీ. నువ్వు ఆ మైక్రోవేవ్‌లో చూస్తున్నావు."

ఆమె అద్దంలోకి చూసింది. అందులో సైలస్ కళ్ళు తన కళ్ళనే చూస్తున్నాయి.

"నేను బజ్జీలు..."

"నాకు కనబడుతోంది. ఆ బంతి జారిపోయినప్పుడు కూడా చూశావు కదా? నిజం చెప్పు."

ఎవరూ నవ్వలేదు. పన్నులు కట్టే, పిల్లల్ని సాకే, దేవుణ్ణి నమ్మే మగవాళ్ళు, అందరూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. ఆమె చెవులు కాలిపోయాయి, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

"అవతలివాళ్ళు టైమవుట్ అడిగారు," అన్నాడు సైలస్ గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు. "తన్నేవాణ్ణి టెన్షన్ పెట్టడానికి. రెండు మూడు నిమిషాలుంటుంది. కాస్త గరాజ్‌లో ఉండు. ఒక్క కిక్. అంతే. ప్లీజ్ ప్రిస్సీ."

"ప్రార్థన చేసుకుంటూ ఉండండి సిస్టర్," అన్నాడు అబ్రహాం.

ఆమె పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తర్వాత తనకే అర్థం కాదు. కాళ్ళకు దారి తెలుసు, అంతే.

గరాజ్ గడ్డకట్టిన చీకటి. కదిలితే వెలిగే దీపం ఒకసారి వెలిగింది. బియ్యం బస్తాలు, మంచు తీసే పార, టైర్ల కింద కరిగి మళ్ళీ గడ్డకట్టిన బురద. ఆమె కదలకుండా నిలబడింది. దీపం ఆరిపోయింది. తలుపు అవతల టీవీ చప్పుడు. చెయ్యి దానంతట అది తలుపు పిడి మీదికి వెళ్ళి ఆగింది. వినడం మొదలుపెట్టింది. పక్కనే ఊపిరి.

పిడి తిరిగింది. కూతురు క్రిస్టినా లోపలికి వచ్చి తలుపు మూసింది. దీపం మళ్ళీ వెలిగింది. పదమూడేళ్ళ పిల్ల, మేజోళ్ళ కాళ్ళతో, చేతిలో నీళ్ళ గ్లాసు.

"నువ్వెందుకొచ్చావే?"

"వాటర్ కోసం కిందికి వచ్చా అంతే. అబ్రహాం అంకుల్ జోక్ చేశాడు, లైక్, లేడీస్ అందరూ గరాజ్‌కి అని. డాడీ కూడా యూ టూ అన్నాడు." భుజాలు ఎగరేసింది. "ఇట్స్ ఫైన్ మామ్. ఐ డోంట్ మైండ్."

"చలేస్తుంది. చెప్పులైనా వేసుకోలేదు."

"పర్లేదు. నేను మా వాలీబాల్‌లో కూడా ఇలాగే చేస్తా."

"ఎలా?"

"మా వాళ్ళు సర్వ్ చేసేటప్పుడు బెంచ్ మీద కళ్ళు క్లోజ్ చేస్తా. నేను చూడకపోతే మేం విన్ అవుతాం. ఇట్ వర్క్స్." పిల్ల మామూలుగా, జలుబుకి మందు చెప్పినట్టు చెప్పింది. తర్వాత తలుపు వైపు చూస్తూ, "మామ్, ఇప్పుడు వాళ్ళు లూజ్ అయితే, అది నీ వల్లా? నా వల్లా?"

దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో ప్రిస్సిల్లాకి ఇన్నాళ్ళ ఊపిరి స్పష్టంగా వినిపించింది. అది అమ్మది కాదు. పక్కన నిలబడ్డ పిల్లది. తలుపు అవతలి చప్పుడు వినడం కోసం ఆపుకున్న, చిన్న, మర్యాదైన ఊపిరి.

ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే తేలికయ్యేది. వచ్చింది ఒక లెక్క లాంటి తెలివిడి. మనవాళ్ళు గెలిస్తే తను వచ్చే ఏడు కూడా ఇక్కడే నిలబడాలి, పక్కన ఈ పిల్లతో సహా. ఓడిపోతే ఎక్కడో ఏ గ్లాసులోనో, ఏ కిటికీలోనో చూసి ఉంటుందంటారు. ఇక్కణ్ణుంచి తను నిర్దోషినని తేలే ఆట ఒక్కటీ లేదు. అమ్మ ఎన్నేళ్ళు తలుపు వెనక ఆగినా ఎదురింటి వాళ్ళ పనులు కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు. అమ్మకి మాత్రం ప్రతిరోజూ డ్యూటీకి ఆలస్యమైంది.

"రా," అంది.

"ఇంకా అవ్వలేదు మామ్. డాడీ విల్ బీ సో మ్యాడ్."

"తెలుసు. రా."

తలుపు తీస్తే వెలుతురు ముఖాన కొట్టింది. టీవీలో ప్రకటనలు అప్పుడే అయిపోయాయి. ఆటగాళ్ళు వరస కడుతున్నారు. సైలస్ తల తిప్పకుండానే చెయ్యి ఊపాడు. "ఇంకా అవలేదు, ఇంకా అవలేదు, ఆగు."

ఆమె పొయ్యి వైపు వెళ్ళలేదు. గట్టు దాటి, ప్లాస్టిక్ గ్లాసులు దాటి, టీవీకి సరిగ్గా ఎదురుగా ఉన్న సోఫా దగ్గరికి వచ్చింది. నమ్మకం పోలేదు, అది ఆమెతోపాటే నడిచి వచ్చింది. ఇప్పుడు ఆ బంతి పక్కకి పోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో, ఎన్ని వారాలు ఉంటుందో ఆమెకు తెలుసు.

"సిస్టర్, ఒక్క నిమిషం..." అబ్రహాం సగం లేచాడు.

"జరగండి అన్నయ్యా."

"ప్రిస్సీ! పిచ్చా నీకు? ఇప్పుడా?"

"ఇప్పుడే. జరగండి."

ఆయన జరిగాడు. ఆమె కూర్చుంది. క్రిస్టినాని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరువు అమ్మలూ," అంది, మెల్లగా. "ఏమీ కాదు. తెరువు."

టీవీలో ఆటగాడు తల ఎత్తి స్తంభాల వైపు చూశాడు, తల వంచాడు, రెండడుగులు వేసి తన్నాడు. బంతి మంచులోకి లేచింది. గదిలో సైలస్, అబ్రహాం, మగవాళ్ళందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ప్రిస్సిల్లా ఎవరి వైపూ తిరగలేదు. రెప్ప వెయ్యకుండా బంతిని చూసింది.