పాయింటర్ పిల్లకు పెళ్ళిచూపులు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఫణికి అన్నీ ఉన్నాయి, ఒక్క టీమ్ లీడ్ పదవి తప్ప. అది రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఎందుకో 2009 చలికాలంలో గానీ అతనికి బోధపడలేదు. మేనేజరు గ్రెగ్ శనివారాలు కౌజుపిట్టల వేటకు పోతాడు. వెంట వెళ్ళేవాళ్ళంతా లీడ్లే! "మంచి వేటకుక్క ఉంటే నువ్వూ రావచ్చు" అన్నాడు గ్రెగ్ ఒకనాడు కాఫీ కలుపుకుంటూ. మర్యాదకి అన్న ఆ మాటను మనవాడు ఆఫర్ లెటర్‌గా తీసుకున్నాడు.

ఫణికి చిన్నప్పటినుంచీ కుక్కలంటే హడల్. అయినా ఇంటర్నెట్ మీద పడి వారం తిరక్కుండా పండితుడైపోయాడు. సెట్టర్ జాతి కుక్కకి జుట్టెక్కువ, ముళ్ళపొదల్లో చిక్కుకుంటుంది. బ్రిటనీ బుద్ధిమంతురాలే గాని పొట్టిది, పక్కన నిలబెడితే హోదా ఉండదు. పాయింటర్ అయితే పిట్ట వాసన తగలగానే ఒక కాలెత్తి బొమ్మలా నిలబడిపోతుంది. పైగా గ్రెగ్‌దీ పాయింటరే. దాంతో జాతి ఖాయమైంది, ఇక మంచి ఇంటి పిల్ల దొరకాలి.

అలాంటి పనికి ఆ చుట్టుపక్కల లక్ష్మీపతిని మించిన పెద్దమనిషి లేడు. సంబంధాలు కుదర్చడంలో చెయ్యి తిరిగినవాడు. "ఏముందోయ్, అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసుకోవడమేగా!" అంటూ బయల్దేరాడు.

రిటైరైన స్కూల్ ప్రిన్సిపాల్ మార్గీ, పైన్ చెట్ల మధ్య తన పొలంలో పాయింటర్లను పెంచి వేటగాళ్ళకు ఇస్తుంటుంది. ఇస్త్రీ చొక్కాలతో, లడ్డూల డబ్బాతో దిగిన ఇద్దరినీ వింతగా చూసింది. లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల తండ్రి ఎలాంటివాడు? తాతకి వేటలో పేరుందా? మేనరికాలేమైనా ఉన్నాయా? వంశంలో తుంటి జబ్బు, మూర్ఛ? తోబుట్టువులు ఎక్కడ సెటిల్ అయ్యారు? వాళ్ళ ఫోన్ నంబర్లిస్తే మేం కనుక్కుంటాం."

మార్గీ మొహం వెలిగిపోయింది. కుక్కకోసం వచ్చి ఇన్ని మంచి ప్రశ్నలు వేసినవాళ్ళే లేరంది. పెళ్ళిళ్ళకు తీసే ఆరాలు కుక్కలకింత చక్కగా సరిపోయినందుకు ఫణి మురిసిపోయాడు. అందులో మురిసిపోవాల్సిందేముందో ఆలోచించే తీరిక అతనికెక్కడిది!

"ఇప్పుడు నా వంతు" అంది మార్గీ. "రోజుకెంతసేపు ఇంట్లో ఉంటావు? నువ్వు లేనప్పుడు దీనికి తోడెవరు? ఉద్యోగం మారి ఇంకో ఊరు పోతే దీని సంగతేమిటి? వేటకు పనికిరాకపోయినా ఇలాగే చూసుకుంటావా?"

ఫణి తడుముకోకుండా అబద్ధాలాడాడు. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, కానివ్వు" అని లక్ష్మీపతి తెలుగులో గొణిగాడు.

"అయితే ఎత్తుకో" అని మార్గీ పిల్లను వదిలింది. అది తోకూపుకుంటూ వచ్చి ఫణి బూటు వాసన చూసింది. మరుక్షణం ఫణి లక్ష్మీపతి వీపు వెనక ఉన్నాడు.

మార్గీ నవ్వలేదు. "దీని తాతముత్తాతల గురించి అంతా అడిగారు. దీన్ని మాత్రం ఒక్కసారైనా ముట్టుకోలేదు. నీకు కావలసింది కుక్క కాదు, ఇంకేదో. నా పిల్లనివ్వను" అంది. లడ్డూలు మాత్రం ఉంచుకుంది.

ఫణి చిందులు తొక్కుతూ ఇంటికొచ్చాడు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న భార్య కృష్ణవేణికి అప్పుడుగానీ ఈ కుక్క సంగతి తెలియలేదు.

"డబ్బిచ్చి కొనేవాణ్ణి పట్టుకుని ఎన్ని క్వశ్చన్లో! ఇంట్లో ఎంతసేపుంటావు, తోడెవరు, వేరే ఊరెళ్తే ఏం చేస్తావు... పైగా ఆవిడ రూలొకటి! పెంచుకోవడం ఎప్పుడు కుదరకపోయినా ఇంకెవరికీ ఇవ్వకూడదట. ఎన్నేళ్ళయినా సరే, తిరిగి ఆవిడింటికే తీసుకురావాలట. లీడ్ పోయినట్టే ఇంక!"

కృష్ణవేణి చేతులాగాయి.

"కుక్కపిల్లకి ఇన్ని అడిగిందా?" అంది. "మా నాన్న మీ జీతం అడిగారు, వీసా అడిగారు. ఎయిర్‌పోర్ట్‌లో నాతో, ఇంక అదే నీ ఇల్లమ్మా, ఏదొచ్చినా సర్దుకుపో అన్నారు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఫణి ఏదో ఒకటి తిరిగి అనేవాడే. ఇప్పుడు సిగ్గేసింది. ఇంకో బ్రీడర్‌ని చూడమని లక్ష్మీపతికి చెప్పడానికి తీసిన ఫోన్ చేతిలోనే ఉండిపోయింది.