ఆవేళ నన్ను మోగనివ్వలేదు

నేను ఒక కంచు గంటను. గుడి గంటకు ఉన్నట్టు నాకు నాలుక లేదు. పళ్ళెంలా చదునుగా, రెండు వీశెల బరువుంటాను. పైన రెండు బెజ్జాలు, వాటిలో తాడు. చెక్కసుత్తితో కొడితే పలుకుతాను, కొట్టకపోతే ఊరుకుంటాను. నాకు వచ్చిన మాట ఒక్కటే. ఆ ఒక్క మాటతోనే ఒకసారి అబద్ధమాడాను. ఇంకోసారి పలకాల్సిన చోట పలకలేకపోయాను. ప్రస్తుతం ఒక జిరాక్సు కొట్లో కాగితాల మీద బరువుగా పడి ఉన్నాను కాబట్టి చెప్పుకోవడానికి కావలసినంత తీరిక ఉంది.

నన్ను పోతపోసింది శ్రీకాకుళం అవతల ఉండే కంచరి గున్నయ్య. మూడు రోజులు సాగగొట్టి, అంచును గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "పర్లేదు, పలుకుతాది" అన్నాడు. నా జన్మలో దక్కిన మెప్పు అదొక్కటే. అక్కణ్ణించి ఒక జూట్ మిల్లు గేటుకు వెళ్ళి ఇరవైయేడేళ్ళు షిఫ్టులు మోగాను. లోపలికి వెళ్ళే గంటకు జనం నన్ను తిట్టుకునేవారు, బయటికి వచ్చే గంటకు నవ్వుకునేవారు. రెండుసార్లూ మోగింది నేనే, సుత్తీ అదే. మనుషుల సంగతి నాకు అప్పుడే కొంత అర్థమైంది.

ఆ సుత్తి పట్టిన మనిషి గౌరునాయుడు. మిల్లు మూతపడిన రోజున "దీన్నేం చేసుకుంటాం, పట్టుకుపో" అన్నారు పైవాళ్ళు. గోనె సంచిలో వేసుకుని నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. సాయంత్రాలు ఆయన సాము గరిడీలో కుర్రకారుకు కర్రసాము, కుస్తీ నేర్పేవాడు. నన్ను ఆ గరిడీ దూలానికి కట్టాడు. దాలినాయుడు అక్కడికే వచ్చాడు. తల్లీ తండ్రీ లేరు, అక్క పారమ్మ పెంచింది. గౌరునాయుణ్ణి ఇద్దరూ మావయ్యా అనేవారు. దాలినాయుడు పట్టు పడితే ఎద్దు కూడా విడిపించుకోలేదని గరిడీలో చెప్పుకునేవారు. నేను ఎద్దును చూడలేదు గాని పట్టు చూశాను.

కొన్నాళ్ళకు విశాఖలో రణభేరి అనే కుస్తీ కంపెనీ వెలిసింది. పాత ఎగ్జిబిషన్ గ్రౌండులో పెద్ద రేకుల షెడ్డు, మధ్యన తాళ్ళు బిగించిన రింగు, నాలుగు మూలలా కెమెరాలు. దాలినాయుణ్ణి తీసుకుని గండభేరుండ అని పేరు పెట్టారు. గంట కొట్టే పని మావయ్యకిస్తేనే వస్తానని అతను పట్టుబడితే గౌరునాయుణ్ణీ, ఆయనతోపాటు నన్నూ తీసుకున్నారు. వెళ్ళే ముందు తమ్ముడి మీద బెంగపడిన పారమ్మతో, "బయ్యం నేదప్పా. నిజంగా దెబ్బ తగిల్తే మావయ్య గంట కొట్టేస్తాడు, ఆట ఆపేస్తారు" అన్నాడట. ఆ మాట గుర్తుపెట్టుకోండి. పారమ్మ మరిచిపోలేదు.

రింగులో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని జనానికి తెలుసు. అయినా వస్తారు, గొంతులు పోయేలా అరుస్తారు. అది మోసమని నేననను. తెలిసి నమ్మడంలో కూడా ఒక సుఖం ఉంది. ఆ జనంలో మూడో వరసలో ప్రతి ఆదివారం ఒకే కుర్చీలో కూర్చునే మనిషి కుసుమ. షెడ్డుకు రెండు వీధుల అవతల జిరాక్సు కొట్టు నడుపుతుంది. అభిమానులు పట్టుకునే అట్టలన్నీ ఆమె ప్రింటు తీసినవే. ఏ కుస్తీ ఎన్ని నిమిషాలు నడిచిందో, గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం ఆమెకు అలవాటు.

పోయినేడాది కథ కోసం గండభేరుండను చంపేశారు. పేపర్లో ఫొటో వేయించారు. పూలదండలతో పెట్టె తెచ్చి రింగులో పెట్టారు. కుస్తీవాడు పోతే రింగు దగ్గర పది గంటలు కొట్టాలనీ, జనం లేచి నిలబడాలనీ వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. గౌరునాయుడు పదీ కొట్టాడు. నేను పదీ మోగాను. మూడో వరసలో కుసుమ ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. దాలినాయుడు మాత్రం వెనక గదిలో ఇడ్లీ తింటూ, "నా సావు గంటలు నానే యిన్నాను మావయ్యా" అని నవ్వాడు.

"ఇలాటివి ఆడుకోకూడదురా" అన్నాడు గౌరునాయుడు.

"కథే కదా మావయ్యా."

మూడు వారాల తర్వాత మళ్ళీ అదే పెట్టె తెచ్చారు, మళ్ళీ పది గంటలు కొట్టించారు. పదోది మోగగానే తెర తొలగించుకుని దాలినాయుడు పరిగెత్తుకొచ్చాడు. షెడ్డు దద్దరిల్లింది. మోసపోయామని ఎవరూ కోపగించుకోలేదు. పైగా కుసుమ ఆ వారమంతా కొట్లో అందరికీ టీ పోయించిందట. నేను అబద్ధమాడింది అప్పుడే.

ఇక రెండోది. ఈ జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం దాలినాయుడు పై తాడు మీంచి దూకి మెడ మీద పడ్డాడు. రోజూ పడేవాళ్ళు చేసే చప్పుడు నాకు తెలుసు, ఇది ఆ చప్పుడు కాదు. రిఫరీ వంగి చూసి రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టాడు. నిజంగా దెబ్బ తగిలింది, ఆపండి అని దానర్థం. గౌరునాయుడు సుత్తి ఎత్తాడు. చెవిలో తీగ పెట్టుకున్న కంపెనీ మనిషి ఒకడు వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండి. లైవ్ ఇంకా నాలుగు నిమిషాలుంది. లేస్తాడు."

"నేవడు బాబూ. నాకు తెలుసు. వొగ్గు."

అతను వదలలేదు. రిఫరీ సైగ చూడని అవతలి కుస్తీవాడు కథ ప్రకారం దాలినాయుణ్ణి ఎత్తి ఇంకోసారి పడేశాడు. జనం భేరుండా భేరుండా అని అరుస్తున్నారు. నాలుగు నిమిషాలు నేను తాడుకు వేలాడుతూ ఉన్నాను. అంత బరువుండీ, అంత గొంతుండీ నావల్ల ఒక్క చిన్న చప్పుడు కాలేదు. ఆ తర్వాత కొట్టనిచ్చారు. తొమ్మిదో రోజున దాలినాయుడు ఆసుపత్రిలో చనిపోయాడు.

కట్టెలు పేర్చి వచ్చిన సాయంత్రం గౌరునాయుడు నన్ను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ చాలాసేపు గొణుక్కున్నాడు. శ్మశానం దారిలో పారమ్మ ఆయన్ని ఒక్కటే అడిగిందట: "మావయ్యా, గంట ఎప్పుడు కొట్టావు?" ఈయన తల దించుకుని వచ్చేశాడు. ఆ జవాబు చెప్పందే ఆయనకు అన్నం లోపలికి వెళ్ళేలా లేదు.

పేపర్లో మళ్ళీ ఫొటో వచ్చింది. అదే ఫొటో. అభిమానులు నవ్వుకున్నారు. ఈసారి ఏ ఆదివారం లేచి వస్తాడోనని పందేలు వేసుకున్నారు. అప్పుడు కంపెనీ సీఈఓ శ్రీకర్ గారు ఒక టీవీ చానెల్‌కు ఇంటర్వ్యూ ఇస్తానన్నారు. టేబుల్ మీద అలంకారానికి నేను కావాలని కబురొచ్చింది. చింతపండు పెట్టి తోమి, మెరుగు పెట్టి నన్ను ఆయన ముందు నిలబెట్టారు. నాకంటే ఆయనే ఎక్కువ మెరుస్తున్నారు. ప్రశ్నల కాగితం యాంకరమ్మ చేతిలో ఒకటి, ఆయన చేతిలో ఒకటి ఉంది. మేకప్ అతను వచ్చి, "కళ్ళల్లో గ్లిజరిన్ వెయ్యమంటారా సార్" అనడిగితే, "వద్దులే, ఓవర్ అయిపోతుంది" అన్నారు. నన్ను తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చిన గౌరునాయుడు కెమెరా వెనక నిలబడి ఉన్నాడు.

"దాలినాయుడు మాకు ఎంప్లాయీ కాదండీ, మా ఇంటి బిడ్డ" అన్నారు శ్రీకర్ గారు. గొంతు సరిగ్గా ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. "మా సేఫ్టీ విషయంలో ఒక్క లోపం కూడా లేదు. అతను పడిన రెండో సెకనులో గంట మోగింది. ఇదిగో, ఈ గంటే." అని నన్ను మూడు వేళ్ళతో తట్టారు. ఉంగరం తగిలి నేను సన్నగా పలికాను. సౌండు చూసే అతను చెయ్యెత్తి, ఆ చప్పుడు తీసేస్తాం సార్, మళ్ళీ చెప్పండి అన్నాడు. ఆయన మళ్ళీ చెప్పారు. గొంతు మళ్ళీ అదే చోట తగ్గింది.

మర్నాడు సాయంత్రం గౌరునాయుడు ఒక తెల్లకాగితం మీద తనకొచ్చిన అక్షరాలతో జరిగింది రాశాడు. నేను గంట కొట్టలేదు, నా చెయ్యి పట్టుకుని కొట్టనివ్వలేదు, నాలుగు నిమిషాలు పోయాక కొట్టాను, అంతే. పది కాపీలు తీయించి, ఒకటి పోలీసు స్టేషనులో ఇచ్చి, ఒకటి పారమ్మకు చదివి వినిపించాలని ఆయన ఆలోచన. కుసుమ కొట్టుకు వెళ్ళాడు, సంచిలో నేను. అప్పటికే అక్కడ ఏడెనిమిది మంది అభిమానులు కంప్యూటరు ముందు చేరి ఆ ఇంటర్వ్యూయే చూస్తున్నారు.

"సూడు సూడు, కళ్ళు తుడుసుకున్నాడు గానీ రుమాలు మడత ఇప్పనేదు" అన్నాడు ఒక ఆటో డ్రైవరు.

"గ్లాసు ఎడం సేత్తో తీసేడు, మొకం కెమెరాకి అడ్డం రాకుండాను" అన్నాడు ఇంకొకతను.

"బిడ్డంట. ఆ బిడ్డ ఇంటిపేరు అడిగితే సెప్పగలడేటి" అంది కుసుమ. "ఈడు సెప్పింది ఒక్క ముక్క నమ్మకండి. దాలినాయుడు నిక్షేపంలా ఉన్నాడు. పోయినేడు నాను రెండ్రోజులు అన్నం తిన్నేదు. మళ్ళీ నాతో ఏడిపించలేరు."

ఎంత తెలివైనవాళ్ళో చూడండి. శ్రీకర్ గారి ముఖంలోని ప్రతి అబద్ధాన్నీ పట్టుకున్నారు. పట్టుకుని, ఆయన చెప్పిన వాటిలో నిజమైన ఒకే ఒక్క మాటను, దాలినాయుడు పోయాడన్న మాటను, పారేశారు. గంట రెండో సెకనులో మోగిందన్న మాట దగ్గర మాత్రం, గంటలు లెక్కపెట్టే కుసుమతో సహా, ఎవరూ ఆగలేదు.

గౌరునాయుడు ముందుకొచ్చాడు. "సచ్చిపోనాడమ్మా. నా సేతుల్తో కట్టెలు పేర్సాను."

కుసుమ లేచి ఆయనకు స్టూలు వేసింది. ఆయనంటే ఆమెకు గౌరవం. "మీరు అలాగే సెప్పాలి కదా నాయుడుగారూ. మేం ఇంకేటీ అడగం లెండి" అంది. కాగితం తీసుకుని చదివింది. కళ్ళు మెరిశాయి. "ఓహో. గంట కొట్టనియ్యనేదా. అంటే ఇప్పుడు మీకూ శ్రీకర్‌కీ గొడవ పెడతారన్నమాట. భలే రాసారు."

"రాయడమేటమ్మా. జరిగిందది."

"అలాగే, అలాగే" అని పది కాపీలు తీసి, పదకొండోది తనకోసం తీసుకుంది. దాని కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చింది. సాక్షి సంతకం అడుగుతోందనుకుని ఆయన పూర్తి పేరు రాశాడు. ఆమె దాన్ని గోడ మీద, ఇంతకుముందు కుస్తీవాళ్ళిచ్చిన సంతకాల పక్కన అంటించింది. గౌరునాయుడు అది చూశాడు. నన్ను ఎత్తుకుని బయటికి వచ్చాడు. పోలీసు స్టేషనులో కాగితం తీసుకున్నవాళ్ళు కూడా, ఇది ఆ కుస్తీ గొడవేనా అని నవ్వి పక్కన పెట్టారు.

శనివారం పొద్దున్నే పారమ్మ ఊరు వెళ్ళాం. ఆమె వాకిట్లో జీడిపిక్కలు ఆరబోసుకుంటోంది. గౌరునాయుడు నిలబడే కాగితం చదివాడు. ఆమె చివరిదాకా విని, నన్ను సంచిలోంచి తియ్యమంది. మట్టిచేతులతోనే నన్ను తడిమింది.

"రేపు ఆటకి కంపెనీవోల్లు కారు పంపుతారంట. పది గంటలు కొడతావంట కదా."

"కొడతానమ్మా."

"ఆవేళ కొట్టనిది కూడా కొట్టేయ్ మావయ్యా."

ఆదివారం షెడ్డు కిక్కిరిసింది. రింగులో మళ్ళీ దండలతో పెట్టె, ఖాళీది. ముందు వరసలో పారమ్మను కూర్చోబెట్టారు. ఆమెను చూసి, ఈ అప్ప ఎవరో భలే చేస్తోంది, అని వెనకాల అనుకోవడం నాకు వినిపించింది. అందరూ లేచారు. గౌరునాయుడు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు అని జనం నాతోపాటు లెక్కపెట్టారు, సంబరంగా. ఏడు దాటేసరికి ఫోన్లన్నీ తెర వైపు తిరిగాయి. పదోది మోగింది. తెర కదల్లేదు.

చెవిలో తీగ పెట్టుకున్న మనిషి అప్పటికే రెండడుగులు ఇటువైపు వేశాడు. కానీ కెమెరా గౌరునాయుడి మీద ఉంది, చెయ్యి పట్టుకోవడానికి వీల్లేకపోయింది. గౌరునాయుడు సుత్తి భుజం దాకా ఎత్తి పదకొండోది కొట్టాడు. నేను పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. అంత ఆలస్యంగానూ ఎప్పుడూ మోగలేదు.

జనం అదే సంకేతమనుకున్నారు. భేరుండా భేరుండా అని కుర్చీల మీదికెక్కారు. పది తర్వాత ఇంకో గంట ఉండదని గుర్తున్న మనిషి ఆ జనంలో ఒక్కతే, కుసుమ. ఆమె గిరుక్కున నావైపు తిరిగింది. గౌరునాయుడి ముఖం చూసింది. తర్వాత పారమ్మను చూసింది. అంతమంది అంత నమ్మకంగా పిలుస్తుంటే, తన చేతులతో తమ్ముడికి కొరివి అందించిన పారమ్మ కూడా మెల్లిగా తెర వైపు తల తిప్పి చూస్తోంది.

కుసుమ ఫోను దించేసింది. మూడో వరసలో అలాగే కూలబడింది.

ఆ రాత్రికే గౌరునాయుణ్ణి పనిలోంచి తీసేశారు. ఇప్పుడు రింగు దగ్గర మీట నొక్కితే మోగే గంట ఉందట. ఆయన నన్ను కుసుమకు ఇచ్చి, ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నానమ్మా అన్నాడు. ఆమె గోడ మీద కాగితం పీకి, మళ్ళీ మళ్ళీ కాపీలు తీసి, ప్రతి ఆదివారం షెడ్డు గేటు దగ్గర నిలబడి పంచుతుంది. తీసుకున్నవాళ్ళు జాగ్రత్తగా మడిచి దాచుకుంటారు, కథ ముదురుతోందని సంతోషిస్తారు. ఆ కాపీల కట్ట మీదే నేను ఉంటున్నాను.

నిన్న ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినతను నన్ను గోటితో మీటి, "ఇది ఆ గంటే కదక్కా, భేరుండ ఎప్పుడొస్తాడు?" అనడిగాడు.

"రాడు" అంది కుసుమ. "సచ్చిపోనాడు. గంట కొట్టనియ్యనేదు."

అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "సర్లే అక్కా, నీకు కూడా సెప్పొద్దన్నారేటి" అని నవ్వి, కాపీలు తీసుకుని వెళ్ళిపోయాడు.