మిరప కల్లం మీద కారం

కోటేష్ గాడి పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అఫ్రోజ్ పేరెత్తితే మాత్రం ఏడుపొస్తుంది.

రెండువేల ఐదులో, గుంటూరులో, ఒక ఎగ్జిబిషన్ కోసం మేం ముగ్గురం స్నేహితులం కలిసి పెద్ద చెక్క మీద బొమ్మ రైలు దారి, దాని చుట్టూ మన పల్లెలు కట్టాం. రైలు అఫ్రోజ్‌ది. పట్టాలు, కరెంటు పని అతనే చూసుకున్నాడు. స్టేషను, గేటు, పత్తి మిల్లు కోటేష్ అట్టలతో కట్టాడు. పట్టాల పక్కన మిరప కల్లం నాది. అచ్చం అద్దంకి దగ్గర మా నాన్న కల్లమే. పొలం అమ్మేశాక అక్కడ ఎవరో గోడౌను లేపారు, నాన్న అటు వెళ్ళడమే మానేశాడు. ఆయన ఇంకొక్కసారి ఆ కల్లం చూసుకోవాలి, అంతే నా పంతం. రంపప్పొట్టుకి ఎర్ర రంగు పట్టించి కాయలు ఆరబోశాను. ఎరుపు పోయి పాలిపోయిన తాలు కాయల కుప్పకి రంగు వెయ్యని పొట్టు పోశాను. అగ్గిపుల్లలతో పందిరి, దాని కింద నాన్న నులక మంచం. ఎగ్జిబిషన్‌కి తప్పకుండా రమ్మని నాన్నకి ఫోన్ చేశాను.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే కోటేష్ నా కల్లం చూసి పెదవి విరిచాడు.

"పొట్టు పొట్టులాగే ఉంది జ్యోతీ. పైన కాస్త నిజం కారం చల్లితే అదిరిపోద్ది."

"నీ మొహం! పక్కనే ఫ్యాను తిరుగుతుంటే జనం కళ్ళు ఏం కావాలిరా? నా కల్లం మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"సర్లే తల్లీ, నీ కల్లం, నీ ఇష్టం" అని నవ్వాడు. అఫ్రోజ్ కూడా నవ్వాడు. ఎవరు కట్టింది వాళ్ళని అడక్కుండా ఇంకొకరు ముట్టుకోకూడదని మొదట్లోనే అనుకున్నాం. నేను నిశ్చింతగా నాన్నని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళాను.

మేం వచ్చేసరికి హాలంతా దగ్గులు, తుమ్ములు. ఎవరి చంకలోనో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎగ్జిబిషన్ పెట్టిన మార్కు గారు కళ్ళు నులుముకుంటూ అరుస్తున్నారు.

"ఈ కారం ఎవరు పోశారయ్యా?"

కోటేష్ తడుముకోలేదు. నన్ను చూపించాడు.

"కల్లం జ్యోతిదేనండి. వద్దు వద్దంటూనే ఉన్నాను, వింటేగా!"

"అబద్ధం! అఫ్రోజ్, నువ్విక్కడే ఉన్నావుగా, చెప్పు!"

అఫ్రోజ్ ఒక రైలు పెట్టె చేతిలోకి తీసుకుని చక్రాలు తుడవడం మొదలుపెట్టాడు.

"ముందు దాన్ని తీసెయ్యండి" అన్నారు మార్కు గారు. కోటేష్ బ్లేడుతో పందిరి, మంచం, కాయలు అన్నీ గీకేశాడు. అఫ్రోజ్ చెత్తబుట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఛీ, వీళ్ళా నా స్నేహితులు అనిపించింది. నాన్న గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. ఆయన కల్లం చూడనే లేదు.

బస్టాండుకి వెళ్తుంటే దారిలో అన్నాడు, "పోన్లేమ్మా. తెలియక చేసుంటావు."

"నేను చెయ్యలేదు నాన్నా."

"సర్లే" అన్నాడు. నమ్మలేదు. కోటేష్ మాటకంటే ఆ సర్లేకే నాకు ఎక్కువ కడుపు రగిలింది.

నాన్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అఫ్రోజ్ రొప్పుతూ వచ్చాడు. నన్ను పక్కకి పిలిచాడు.

"నేను చూశాను జ్యోతీ. వాడే చల్లాడు. అందరి ముందూ గొడవెందుకని..."

"నాకెందుకు చెప్తావు? ఆయనకి చెప్పు. ఒక్క మాట చాలు, ఇంకేమీ అడగను."

అఫ్రోజ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే నిలబడ్డాను. నాన్న తల బయటికి పెట్టాడు.

"బాబూ, మా అమ్మాయి తెలియక చేసింది. మీరేమీ మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

అఫ్రోజ్ నా వైపు చూడలేదు.

"పర్లేదు బాబాయ్" అన్నాడు.