మీ పేరు చెప్పండి

ప్రొద్దుటూరు డిపోలో కండక్టరుగా చేసినవాణ్ణి. బస్సు కిక్కిరిసి ఉన్నా టికెట్టు తీసుకోని మొహాన్ని ఇట్టే పట్టేసేవాణ్ణి. అలాంటి నన్ను ఖాజాగూడలోని ఈ పెద్దల హోమ్‌లో పూటపూటా "మీ పేరు చెప్పండి" అని అడిగితే ఒళ్ళు మండదా? పొద్దున చెప్పిన పేరు రాత్రికి మారిపోతుందా?

అది రూలట. మందులిచ్చే పని నేర్చుకుంటున్న రోహిణి నచ్చజెప్పింది. మాత్ర ఇచ్చే ముందు మనిషి చేతే పేరు చెప్పించాలి, మందు కప్పు మీది పేరుతో సరిచూడాలి, మింగేదాకా పక్కనే నిలబడాలి. మొదటి పరీక్షలో పాపం, "నువ్వు ఓబులేసు తాతవే గదా?" అని తానే పేరు అందించి ఫెయిలైంది. మా ఈడువాళ్ళం ఏమడిగినా తలూపేస్తామని నర్సు కృష్ణప్రియ వాదన. అదీ నిజమే.

రోహిణి అంటే నాకు ప్రాణం. నా చిరాకంతా నవ్వుతూ భరించేది ఆ పిల్లొక్కతే. పాసైతే మందుల బండి చేతికిస్తారు, లేకపోతే మళ్ళీ దుప్పట్లు మడతపెట్టడమే. అందుకే రెండో పరీక్ష రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాను.

కృష్ణప్రియ వెనక నిలబడి చూస్తోంది. రోహిణి నుదుటి నిండా చెమటలు.

"మీ పేరు చెప్పండి."

"ఓబులేసు!" బస్టాండంతా వినబడేలా చెప్పాను.

కప్పు చేతికిచ్చింది. దాని మీద బాలనర్సయ్య అని ఉంది. ఆయనది పక్క గది. కంగారులో పిల్ల సరిచూడడం మరిచిపోయింది.

నోరు విప్పితే ఆమె పరీక్ష పోతుంది. ఒక్క మాత్రకు ఏమవుతుందిలే అనుకుని కప్పెత్తాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

రోహిణి నా మొహం చూసింది, కప్పు చూసింది, గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు తాతా!" అని వెనక్కి తిరిగింది. "సిస్టర్, తప్పు కప్పు ఇచ్చిన."

కృష్ణప్రియ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఫెయిల్.

నాకు కోపం ఆగలేదు. "గమ్మునుంటే పాసయ్యేదానివి గదమ్మా! నేను మింగేసేవాణ్ని గదా!"

"అంటే నీకు ఎరుకేనా? ఎరుకుండే మింగుతున్నవా?" రోహిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పరీక్షకేంది, వచ్చే బ్యాచ్‌ల మళ్ల కూసుంట. నీకేమన్న అయితే నిన్ను ఏడికెల్లి తెచ్చుకోవాలె?"

కళ్ళు తుడుచుకుని వెళ్ళి సరైన కప్పు తెచ్చింది. ముందు దాని మీది పేరు చదువుకుంది.

"మీ పేరు చెప్పండి."

ఈసారి ఒళ్ళు మండలేదు. కప్పు మీది పేరు నేనూ చదివి, "ఓబులేసు" అన్నాను.