తోక దాకా పలికిన పేరు

"అజిత్రోమైసిన్!" అని అరిచి, బల్ల పక్కన అటక దాకా వెళ్ళిన ఇనుప గొట్టాన్ని ఇత్తడి తూనికరాయితో కొట్టాడు బావ. మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, చివర మళ్ళీ చిన్నది.

పైన మందుల పెట్టెల మధ్య నుంచి బావమరిది నవ్వాడు. "మా అక్క మీద కోపమంతా గొట్టం మీదా, బావా?"

"మీ అక్క ముందు ఇంత గట్టిగా అరవగలనా?"

ఆ మందుల కొట్టులో అందరికీ అతను బావే. ఇంగ్లీషు మందు పేరును బట్టల తానులా తల, నడుము, తోక అని కోసి, బరువు పడే ముక్క దగ్గర గట్టిగా కొట్టేవాడు. తల ఒకటై తోక మారే పేర్లే నిండా ముంచుతాయని అతని లెక్క. చదువు, సొంత దుకాణం, పిల్లలు, ఏ బేరమూ కుదరలేదు. ఈ బల్ల ఒక్కటే కుదిరింది. పొద్దుటి నుంచి లాగుతున్న ఎడమ చేతికి, "నీ సంగతి సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేశాడు.

ఒక తల్లి రొప్పుతూ వచ్చి చీటీ చాపింది. "మాత్రలు అయిపోయాయయ్యా. పిల్లకి మళ్ళీ చెయ్యి అదురుతోంది. తొందరగా ఇవ్వండి."

బావ చివరి అక్షరం దాకా చదివాడు. లెవెటిరాసిటమ్. మూర్ఛ మందు.

"లెవె..."

గుండెను ఎవరో పిడికిట పట్టినట్టయింది. మాట ఆగిపోయింది.

"లెవోఫ్లాక్సాసినేగా? ఇవాళంతా దానికే గిరాకీ!" పైన అట్టపెట్టె లాగిన చప్పుడు.

అది చీము పట్టిన జబ్బులకిచ్చే మందు. కాదని అరవబోతే గాలే వచ్చింది. తల్లి చెయ్యి అప్పుడే చాపింది. బావ రాయి అందుకున్నాడు.

లె. వె. టి. మూడు చిన్న దెబ్బలు. రెండో దెబ్బతో ఆగితే, లాగిన పెట్టే సరైనదని పైవాడు అనుకుంటాడు. ఉన్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని నాలుగోది కొట్టాడు. రా! గొట్టం ఖంగుమంది. సి. టమ్.

పైన లాగిన పెట్టె వెనక్కి నెట్టిన చప్పుడు.

"ఓరి నాయనో, ఫిట్సు మందా! గొంతు ఎవరికి అరువిచ్చావు బావా?"

తాడు బుట్టలో పెట్టె దిగింది. బావ పెట్టె మీది పేరు వెంట వేలు తోక దాకా జరిపి చూసి, తల్లి వైపు నెట్టాడు. ఆమె పరుగెత్తింది. అతను ముక్కాలిపీట మీద కూర్చుని, బల్ల మీద తల ఆన్చాడు.

"తరవాతది చెప్పు, బావా."

"బావా?"

బావమరిది గొట్టానికి చెవి పెట్టి విన్నాడు. తర్వాత నిచ్చెన మెట్లు తడుముకుంటూ దిగాడు.

తూనికరాయి గొట్టం పక్కనే ఉంది, దెబ్బ తగిలే వైపు నున్నగా అరిగి, మెడ దగ్గర ఇంకా చెమట తడితో.